సా ఎక్కడ పెట్టాలి? డిమినిష్డ్ స్కేల్‌తో నా కుస్తీ

గిటార్ మీద జీ సెవెన్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) వస్తోందంటే నాకు కంగారు మొదలయ్యేది. దానికి ముందు డీ మైనర్ సెవెన్ మీద ఏదో ఒకటి అల్లేసేవాణ్ణి. తర్వాత వచ్చే సీ మేజర్ ఎలాగూ సొంతిల్లు. మధ్యలో ఆ ఒక్క బార్, నాలుగు దెబ్బలు. అక్కడికొచ్చేసరికి మాత్రం జీ, బీ, డీ, ఎఫ్, అవే నాలుగు స్వరాలు. మెట్లెక్కినట్టు పైకి, దిగినట్టు కిందికి. హైదరాబాద్ మెట్టుగూడలో శనివారం సాయంత్రాలు నాకు గిటార్ చెప్పే అన్న చాలాకాలం ఏమీ అనలేదు. ఒకరోజు టీ గ్లాసు పక్కన పెట్టి, "తమ్మీ, నువ్వు ఇంటికి పోతున్నవని గల్లీ మొత్తానికి ముందే తెలిసిపోతుంది. జెర భయపెట్టరాదు మమ్మల్ని" అన్నాడు.

ఇది రెండేళ్ల కిందటి మాట. అన్న చర్చిలో గిటార్ వాయిస్తాడు. పదిహేనేళ్ల వయసు నుంచీ అదే పని. నేనేమో విజయవాడలో పిన్ని దగ్గర వర్ణాల దాకా పాట నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరుతో ఆపేసి, ముప్పై దాటాక గిటార్ పట్టుకున్న సాఫ్ట్‌వేర్ బాపతు. పాట మానేసినా చెవి మానలేదు. ఏ సంగీతం విన్నా ముందు సా ఎక్కడుందో వెతుక్కునే జబ్బు నాది. ఆ జబ్బు వల్లే ఈ డిమినిష్డ్ స్కేల్ దగ్గర నేను అంత అవస్థ పడ్డాను.

అన్న మొదటిరోజే స్కేల్ చెప్పలేదు. కార్డ్ పట్టించాడు. అయిదో తీగ మీద రెండో ఫ్రెట్ (మెడ మీది గడి), నాలుగో తీగ మీద మూడు, మూడో తీగ మీద ఒకటి, రెండో తీగ మీద మూడు. బీ డిమినిష్డ్ సెవెన్. మీటగానే పాత సినిమాలో తలుపు కిర్రుమని తెరుచుకున్నట్టుంది. "ఇప్పుడు మూడో తీగ మీద వేలు తియ్యి" అన్నాడు. తీశాను. ఖాళీ తీగ మోగింది, కార్డ్ జీ సెవెన్ అయిపోయింది. వేలు మళ్లీ పెట్టించి, ఈసారి అయిదో తీగ మీది స్వరాన్ని ఒక ఫ్రెట్ కిందికి దింపమన్నాడు. బీ ఫ్లాట్ సెవెన్ (ఫ్లాట్ అంటే ఒక ఫ్రెట్ కిందికి, షార్ప్ అంటే ఒక ఫ్రెట్ పైకి). దాన్ని సరిచేసి నాలుగో తీగ మీది వేలు దింపితే ఈ సెవెన్. రెండో తీగ మీది వేలు దింపితే డీ ఫ్లాట్ సెవెన్. నాలుగు వేళ్లలో ఏ ఒక్కదాన్ని ఒక్క ఫ్రెట్ దించినా ఒక్కో డామినెంట్ కార్డ్, అంటే జీ సెవెన్‌లా ఇంటివైపు లాగే కార్డ్, పుడుతోంది. నేను ఆ అరగంటా వేళ్లు దించుతూ, ఎత్తుతూ, చిన్నపిల్లాడు స్విచ్చులు నొక్కినట్టు గడిపేశాను.

ఆ కార్డ్‌నే ఉన్నదున్నట్టు మూడు ఫ్రెట్లు పైకి జరిపినా అవే నాలుగు స్వరాలు, వరసే మారుతుంది. కారణం చిన్నదే. పన్నెండు స్వరస్థానాల్లో మూడేసి స్థానాలకొక స్వరం పెడితే నాలుగు స్వరాలతో చక్రం పూర్తవుతుంది. అందుకే లోకం మొత్తానికి డిమినిష్డ్ సెవెన్ కార్డులు మూడే. మిగతావన్నీ పేర్లు మార్చుకున్నవే.

ఈ చప్పుడు నాకు కొత్తదేం కాదని కూడా ఆరోజే తెలిసింది. సీ నుంచి డీ మైనర్‌కి పోయేటప్పుడు మధ్యలో సీ షార్ప్ డిమినిష్డ్ తగిలించి, "ఆదివారం ఆదివారం మేం చేసేది ఇదే" అని వాయించి చూపించాడు అన్న. ఎన్ని పాటల్లో విన్నానో అది! చెవికి తెలుసు, పేరే తెలియదు.

రెండోవారం స్కేల్. ఇలాంటి రెండు కార్డుల్ని కలిపి వరసలో పేరిస్తే డిమినిష్డ్ స్కేల్ వస్తుంది. బీ, డీ, ఎఫ్, ఏ ఫ్లాట్ ఒక జట్టు. జీ, బీ ఫ్లాట్, సీ షార్ప్, ఈ ఇంకో జట్టు. జీ నుంచి మొదలెడితే జీ, ఏ ఫ్లాట్, బీ ఫ్లాట్, బీ, సీ షార్ప్, డీ, ఈ, ఎఫ్. అర, పూర్తి, అర, పూర్తి అడుగులు చివరిదాకా. అర అంటే ఒక ఫ్రెట్, పూర్తి అంటే రెండు. స్వరాలు ఏడు కాదు, ఎనిమిది. కార్డులు మూడే అయినట్టు, ఈ స్కేళ్లు కూడా మొత్తం మూడే. ఫ్రెంచ్ స్వరకర్త ఒలీవియే మెస్సియాన్ తన పద్ధతిలో దీన్ని రెండో మోడ్‌గా, అంటే రెండో స్వరాల వరసగా, లెక్కపెట్టాడు. సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు చెప్పిన దేశీ తాళాలను తన సంగీతంలోకి తీసుకున్నదీ ఆయనే. అది చదివాక ఈ స్కేల్ మీద నాకు కొంచెం చుట్టరికం కలిసింది.

గిటార్ మీద దీన్ని వాయించడానికి అన్న చూపించిన దారి ఒకటుంది, అది నిజంగా అందమైనది. ఒక్కో తీగకు నాలుగేసి స్వరాలు. ఆరో తీగ మీద 3, 4, 6, 7 ఫ్రెట్లు. అయిదో తీగ మీద 4, 5, 7, 8. నాలుగో తీగ మీద 5, 6, 8, 9. మూడో తీగ మీద 6, 7, 9, 10. తీగ మారినప్పుడల్లా అదే ఆకారం ఒక ఫ్రెట్ పైకి జరుగుతుంది. మూడో తీగ నుంచి రెండో తీగకు మాత్రం శ్రుతి తేడా వల్ల రెండు ఫ్రెట్లు జరగాలి: 8, 9, 11, 12. ఆఖరి తీగ మీద 9, 10, 12, 13. బుర్రకు పనే లేదు. పనంతా చిటికెన వేలిదే. మూడో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా చెయ్యి సాగదీసి నెల తిరిగేసరికి మణికట్టు పట్టేసింది. బొటనవేలు మెడ వెనకాల నడిమధ్యకు దించి పెట్టుకోవాలని అప్పటిదాకా ఎవరెన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, నొప్పి చెబితే ఎక్కింది.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి, దెబ్బకు రెండేసి స్వరాల చొప్పున మొదలుపెట్టాను. మొదటి గొడవ అక్కడే. సరళీ వరుసలు ఆది తాళంలో పాడి పెరిగిన ఒళ్లు ఇది. సరిగమ పదనిస అంటే ఎనిమిది అక్షరాలు, ఒక ఆవర్తనం, పై షడ్జం మీద ఆగడం. ఈ స్కేల్‌లో పై సా రాకముందే ఎనిమిది అయిపోతాయి. పై సా వచ్చి తరువాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద పడుతుంది. లెక్కప్రకారం అది ఇంకా శుభ్రమే. కానీ నాకు మాత్రం ప్రతిసారీ అన్నంలో రాయి తగిలినట్టుండేది. ఏడో స్వరానికే చెయ్యి పైకి దూకేసి ఎఫ్‌ను మింగేసేది. ఆ అలవాటు వదిలించుకోవడానికి మూడు వారాలు పట్టింది.

వదిలిన తర్వాత వచ్చింది అసలు ప్రమాదం. ఏ ముక్క వాయించినా దాన్ని మూడు ఫ్రెట్లు జరిపి మళ్లీ వాయించొచ్చు. ఇంకో మూడు, ఇంకో మూడు. నాలుగు స్వరాలు నేర్చుకుంటే పదహారు స్వరాల సోలో తయారు. వేగం 96 దాకా వచ్చింది. నాకు నేను గొప్ప విద్వాంసుణ్ణయిపోయాను. ఒక శనివారం దాన్నే గర్వంగా వినిపిస్తే అన్న మధ్యలోనే చెయ్యి ఎత్తాడు. "గది కసరత్తు తమ్మీ. పాట యాడుంది?" నొచ్చుకున్నాను గానీ, ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాక ఆయన మాటే ఒప్పనిపించింది. కచేరీ ఎక్కి జంట వరుసలు పాడినట్టుంది.

ఆ సంక్రాంతికి గిటార్ వెంటబెట్టుకుని విజయవాడ వెళ్లాను. పిన్ని వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను ఫోన్లో తంబురా జీ మీద పెట్టుకుని, హాల్లో ఈ స్కేల్‌నే నెమ్మదిగా వాయిస్తున్నాను. ఆవిడ లోపల్నుంచే నాతోపాటు స్వరాలు పాడడం మొదలుపెట్టింది, అలవాటు కొద్దీ. "శుద్ధ రిషభం... సాధారణ గాంధారం... ఏరా, షడ్విధమార్గిణా?" అంది. తరువాతి స్వరం వాయించగానే చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఒరేయ్, అంతర గాంధారం ఎక్కణ్ణించి ఊడిపడింది? రామప్రియకి పోతున్నావా?"

రాత్రి భోజనాలయ్యాక కాగితం తీసింది. సా, శుద్ధ రిషభం, రెండు గాంధారాలు, ప్రతి మధ్యమం, పా, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంతర గాంధారం తీసేస్తే 46వ మేళం (మేళం అంటే ఏడు స్వరాల మూల రాగం) షడ్విధమార్గిణి. సాధారణ గాంధారం తీసేస్తే 52వది రామప్రియ. శుద్ధ రిషభమే తీసేసి, సాధారణ గాంధారాన్ని షట్‌శ్రుతి రిషభం అని పిలిస్తే 70వది, నాసికాభూషణి. "మూడు మేళకర్తల్ని ఒకే సంచీలో కుక్కారురా మీవాళ్లు" అంది. మావాళ్లు ఎవరో నాకు తెలియదు, ఊరుకున్నాను.

తర్వాత ఆవిడే గ్రహభేదం, అంటే సా చోటు మార్చడం, చేద్దామంది. మోహనంలో రిషభాన్ని సా చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, చిన్నప్పుడు ఆవిడ మాకు చూపించిన గారడీ అది. ఇక్కడ జీ బదులు బీ ఫ్లాట్‌ని సా చేశాం. అదే స్కేల్. సీ షార్ప్‌ని చేశాం. అదే. ఈ అనే స్వరాన్ని చేశాం. మళ్లీ అదే. పిన్ని కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "నాలుగు చోట్ల సా పెట్టచ్చంటే ఎక్కడా లేనట్టే గదా! నువ్వేమో దీనికింద తంబురా వేసుకుని కూర్చున్నావు."

నిజానికి నేను ఆ నాలుగు నెలలూ చేసిన తప్పు అదే. తంబురా పెట్టుకుని దీన్ని రాగంలా ఆలాపన చేద్దామని చూశాను. ఎంతసేపు కూర్చున్నా మనసు కుదురుకోదు, ఎక్కడ న్యాసం చేయాలో, అంటే ఏ స్వరం మీద ఆగాలో, తెలియదు. ఊళ్లోకి వెళ్లే బస్సులో కాపురం పెడదామని చూడ్డం లాంటిది.

తిరిగొచ్చాక తంబురా కట్టేశాను. డీ మైనర్ సెవెన్ ఒక బార్, జీ సెవెన్ ఒక బార్, సీ మేజర్ రెండు బార్లు. అది తిరుగుతూనే ఉంటుంది, డిమినిష్డ్ మాత్రం ఆ రెండో బార్‌లోనే. దిగాల్సిన చోటు ముందే కనబడుతుంటే దారిలో ఎన్ని వంకరలు తిరిగినా చెవి ఓర్చుకుంటుందని అప్పుడు తెలిసింది.

ఈ మధ్యలో ఒక పరువు తక్కువ పని కూడా జరిగింది. ఆదివారం సాయంత్రం అయిదుగురం కలిసి వాయించుకునే చోట, నా వంతు రాగానే జీ సెవెన్ మీద డిమినిష్డ్ ఎత్తుకున్నాను, మంచి జోరుగా. కీబోర్డ్ కుర్రాడు తల తిప్పి చూశాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. రికార్డింగు ఇంటికి పోతూ మెట్రోలో విన్నాను. అమీర్‌పేట వచ్చేసరికి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేశాను. అర అడుగుతో మొదలెట్టాల్సిన చోట పూర్తి అడుగుతో మొదలెట్టాను. జీ, ఏ, బీ ఫ్లాట్, సీ... చివర ఎఫ్ షార్ప్. కీబోర్డ్ మీద ఎఫ్ మోగుతుంటే నేను పక్కనే ఎఫ్ షార్ప్ పట్టుకుని లాగుతున్నాను, అది కూడా వైబ్రాటోతో.

ఈ స్కేల్‌ని పుస్తకాలు రెండు పేర్లతో చెబుతాయి, అర అడుగుతో మొదలైతే హాఫ్-హోల్, పూర్తి అడుగుతో మొదలైతే హోల్-హాఫ్ అని. డామినెంట్ కార్డ్ మీద దాని రూట్ (కార్డ్‌కు పేరిచ్చిన స్వరం) నుంచి మొదటిది, డిమినిష్డ్ కార్డ్ మీద రెండోది. ఎన్నిసార్లు చదివినా తారుమారు చేసేవాణ్ణి. ఇప్పుడు నా భాషలో పెట్టుకున్నాను: డామినెంట్ అయితే శుద్ధ రిషభం, డిమినిష్డ్ అయితే చతుశ్రుతి. రెండోదాంట్లో పంచమం ఉండదు, రెండు మధ్యమాలుంటాయి. ఇలా గుర్తుపెట్టుకున్నాక మళ్లీ తప్పలేదు.

కసరత్తు పాట కావడానికి దారి చూపించింది మాత్రం త్రయాలు, అంటే ట్రయాడ్‌లు, మూడేసి స్వరాల కార్డులు. జీ హాఫ్-హోల్ స్కేల్ కడుపులో నాలుగు మేజర్ కార్డులు దాక్కుని ఉన్నాయి: జీ, బీ ఫ్లాట్, డీ ఫ్లాట్, ఈ. (ఈ మేజర్ అంటే ఏ మేజర్ అని అడక్కండి, తెలుగులో గిటార్ గురించి రాస్తే ఈ తిప్పలు తప్పవు.) అన్న ఒక కార్డ్ పట్టించాడు. ఆరో తీగ 3, అయిదోది మూసెయ్యాలి, నాలుగో తీగ 3, మూడో తీగ 4, రెండో తీగ 5, ఒకటో తీగ 4. జీ థర్టీన్ ఫ్లాట్ నైన్ దాని పేరు. కింది రెండు తీగలూ జీ సెవెన్ అంటుంటాయి, పై మూడు తీగలూ చక్కగా ఈ మేజర్. విడివిడిగా మీటితే దేనికది సాధువు. కలిపి మీటితే ఒళ్లు జలదరిస్తుంది. అక్కణ్ణించి నేను స్కేల్ గురించి ఆలోచించడం మానేసి, జీ సెవెన్ వచ్చినప్పుడల్లా ఈ మేజర్ ముక్క ఒకటి, బీ ఫ్లాట్ ముక్క ఒకటి వాయించడం మొదలుపెట్టాను. తెలిసిన ఆకారాలు కాబట్టి చేతికి భయం లేదు. వినేవాళ్లకు కూడా ఏదో పాటలా అనిపిస్తుంది.

చేతిలో పూర్తిగా కుదిరిన ముక్క ఒకటే ఒకటి. రెండో తీగ మీద ఆరో ఫ్రెట్ నుంచి దిగుతాను: 6, 5, 3, 2. మూడో తీగ మీద 4, 3, 1. నాలుగో తీగ మీద 3. ఎఫ్, ఈ, డీ, సీ షార్ప్, బీ, బీ ఫ్లాట్, ఏ ఫ్లాట్, ఎఫ్. సరిగ్గా ఒక బార్, ఎనిమిది స్వరాలు. చివర్లో జీని దాటేశాను చూడండి, అది కావాలనే. అందువల్ల ఆఖరి ఎఫ్ నుంచి అర అడుగు కిందికి జారితే, సీ కార్డ్ పడే వేళకి ఈ అనే స్వరం మీద కాలు మోపుతాను. నాలుగు దెబ్బల మీదా పడే స్వరాలు ఎఫ్, డీ, బీ, ఏ ఫ్లాట్. మొదటిరోజు పట్టుకున్న కార్డే అది! ఈ సంగతి వాయించడం మొదలెట్టిన నెలకు గానీ గమనించలేదు.

బ్లూస్‌లో, అంటే పన్నెండు బార్లు తిరుగుతూ ఉండే పాటల్లో, దీని వాడకం ఇంకా తేలిక. సీ బ్లూస్‌లో నాలుగో బార్, అంటే ఎఫ్ సెవెన్‌కి పోయే ముందు, సీ నుంచి హాఫ్-హోల్. ఆరో బార్‌లో ఎఫ్ షార్ప్ డిమినిష్డ్ పడితే, ఎఫ్ నుంచి హాఫ్-హోల్ వాయించినా ఎఫ్ షార్ప్ నుంచి హోల్-హాఫ్ వాయించినా అవే స్వరాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కణ్ణించి మొదలెడితే నయమని నాకనిపిస్తుంది. నేను నేర్చుకున్న వరస కంటే తక్కువ దెబ్బలు తగులుతాయి.

మైనర్‌కి పోయేటప్పుడు మాత్రం నేను దీని జోలికి పోను. జీ సెవెన్ నుంచి సీ మైనర్‌కి దిగుతుంటే ఈ స్కేల్‌లోని ఈ అనే స్వరం ముందే మేజర్ వాసన కొట్టేస్తుంది. వాడుకునే మొనగాళ్లుండొచ్చు. నాకు అక్కడ కీరవాణి పంచమం నుంచి మొదలెడితే చాలు, అంటే వకుళాభరణం. అదెలాగూ పిన్ని పెట్టిన భిక్ష.

ఇప్పుడు ఎక్కడున్నానంటే, 120 వేగం దాకా ఆ ఒక్క ముక్కా ఏ కీలో అడిగినా వాయిస్తాను. 160 అంటే చిటికెన వేలు చేతులెత్తేస్తుంది. మిగతా రెండు డిమినిష్డ్ స్కేళ్లలో ఒకటి ఇంకా ఫ్రెట్లు లెక్కపెట్టుకునే వాయిస్తున్నాను. అన్న ఈమధ్య "భయపెట్టినవ్ పో" అన్నాడు, ఒక్కసారే.

పోయిన నెల పిన్నికి ఫోన్ స్పీకర్ మీద పెట్టి వినిపించాను. ఈసారి తంబురా లేదు. డీ మైనర్, జీ సెవెన్, ఆ ఎనిమిది స్వరాలు, సీ. కాసేపు అవతల్నుంచి చప్పుడు లేదు. మళ్లీ వాయించమంది. వాయించాను.

"మధ్యలో ఏం తిరిగావో నాకు అంతుపట్టలేదు గానీ," అంది, "ఆ అంతర గాంధారం మీద దిగావు చూడు, అది బావుంది. ఇంకోసారి దిగు."